రాజీ కుదిరి కొట్టేసిన కేసుకు ఫెడరల్ కోర్టులో మళ్లీ విచారణ ఏమిటి?

ప్రశ్న: మేము హ్యూస్టన్‌లో ఉంటాము. మా తమ్ముడు అమెరికా పౌరుడు. వైర్ ఫ్రాడ్ (ఫోను, ఇంటర్నెట్ వంటివాటి ద్వారా చేసే మోసం) కేసులో ఫెడరల్ జైలులో 18 నెలలు గడిపి, ఇప్పుడు 3 సంవత్సరాల సూపర్వైజ్డ్ రిలీజ్‌లో ఉన్నాడు. ఏడాదిన్నర ఏ పేచీ లేకుండా గడిచింది. ఆ తరువాత మా పిన్ని కొడుకు గృహప్రవేశానికి ప్రొబేషన్ ఆఫీసర్ అనుమతి లేకుండా డాలస్ దగ్గరి ఫ్రిస్కో వెళ్లాడు. ఆ రాత్రి ఒక రెస్టారెంటు పార్కింగ్ స్థలంలో తెలిసిన కుర్రాడితోనే గొడవపడ్డాడు. సీసాతో కొట్టాడని అతను చెప్పడంతో పోలీసులు అరెస్టు చేసి మరునాడు బెయిలు మీద వదిలారు. ఈ సంగతి మా తమ్ముడు ఆఫీసర్‌కు ఐదో రోజున గానీ చెప్పలేదు. ఇరువైపుల పెద్దలు కూర్చొని రాజీ చేశారు, తమ్ముడు వాట్సాప్‌లో క్షమాపణ కూడా పంపాడు, ఆ అబ్బాయి సాక్ష్యానికి రానన్నాడు, రాష్ట్ర కోర్టులో కేసు కొట్టేశారు. అంతా అయిపోయిందనుకుంటే ఇప్పుడు ఫెడరల్ వారెంటు మీద అరెస్టు చేసి మూడు ఉల్లంఘనలు మోపారు. రుజువు కాని నేరానికి మళ్లీ విచారణ ఏమిటి? రుజువు చేయవలసింది ఎవరు? తమ్ముడు ఒప్పుకోవాలా, పోరాడాలా? తెనాలిలో ఉన్న మా నాన్నగారు జడ్జిగారికి ఉత్తరం రాస్తానంటున్నారు, రాయవచ్చా? — ఒక అక్క

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో “రుజువు కాని నేరం” అన్న మాట దగ్గరే చిక్కు ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. రాష్ట్ర కోర్టు మీ తమ్ముడు కొట్టలేదని తేల్చలేదు. సాక్షి రానందువల్ల ఆ ప్రశ్నను విచారించకుండానే ఫైలు మూసింది. ఫెడరల్ జడ్జి ముందు ఇప్పుడున్న ప్రశ్న కూడా అది కాదు. “ఇతను నేరస్థుడా” అని కాక, “విడుదల చేసినప్పుడు నేను పెట్టిన షరతులను ఇతను మీరాడా” అని ఆ కోర్టు అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కావలసిన రుజువు కొలతే వేరు.

సూపర్వైజ్డ్ రిలీజ్ అంటే శిక్షలో తగ్గింపు ఇచ్చి ముందుగా వదిలే పెరోల్ కాదు. 1984 నాటి శిక్షల సంస్కరణ చట్టం ఫెడరల్ పెరోల్‌ను తొలగించి దీన్ని తెచ్చింది, 1987 నవంబరు 1 తరువాత జరిగిన నేరాలకు ఇదే వర్తిస్తుంది. జైలు శిక్ష పూర్తిగా అనుభవించాక, దానికి అదనంగా ఉండే పర్యవేక్షణ కాలం ఇది. దీన్ని రద్దు చేసి మళ్లీ జైలుకు పంపే అధికారం అమెరికా చట్టసంహిత 18వ భాగంలోని 3583వ సెక్షన్ ఇస్తోంది. రుజువు ఎంత ఉండాలో కూడా అదే సెక్షన్ చెప్పింది: ఉల్లంఘన జరగలేదనడం కంటే జరిగిందనడమే ఎక్కువ సంభవమని సాక్ష్యాన్ని బట్టి జడ్జికి తోస్తే చాలు. క్రిమినల్ కేసులో జ్యూరీ ముందు కావలసిన సంశయాతీతమైన రుజువు ఇక్కడ అక్కర్లేదు. రూపాయిలో యాభై ఒక్క పైసల నమ్మకం కుదిరినా సరిపోతుంది. అయితే ఆ యాభై ఒక్క పైసలు కూడగట్టవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. తన నిర్దోషిత్వాన్ని మీ తమ్ముడు నిరూపించుకోవలసిన పని లేదు. తూకం సరిసమానంగా నిలిచిపోతే ఓడేది ప్రభుత్వమే.

ఒక మనిషిని మళ్లీ జైలుకు పంపడానికి ఇంత తేలిక కొలత ఎలా సరిపోయిందని మీకు అనిపించడం సహజం. నాకూ ఆ అసంతృప్తి ఉంది. కోర్టులు చెప్పే కారణం ఇది: రద్దు చేసి విధించే జైలు కొత్త నేరానికి శిక్ష కాదు, పాత తీర్పులో అప్పటికే ఇమిడి ఉన్న శిక్షలో భాగం. 2000లో జాన్సన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఈ మాటే చెప్పింది. అంతకు ముందే 1972లో పెరోల్ గురించి మోరిసీ కేసులోను, 1973లో ప్రొబేషన్ గురించి గాగ్నన్ కేసులోను ఇచ్చిన తీర్పులు ఈ విచారణ పూర్తిస్థాయి క్రిమినల్ విచారణ కాదని, అయినా కనీస న్యాయప్రక్రియ తప్పనిసరి అని గీత గీశాయి. ఈ తర్కానికి హద్దు లేకపోలేదు. కొన్ని రకాల కొత్త నేరాలకు పాల్పడ్డాడని జడ్జి ఒక్కడే తేల్చి కనీసం 5 ఏళ్లు జైలులో పెట్టాలన్న నిబంధనను 2019లో హేమండ్ కేసులో 5-4 తేడాతో సుప్రీం కోర్టు చెల్లదంది. ఆ తీర్పు చదివి కొందరు తమకూ జ్యూరీ దొరుకుతుందని ఆశపడతారు. మీ తమ్ముడి కేసు ఆ నిబంధన కిందికి రాదు కనుక జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కరే తేలుస్తారు.

మీ నాన్నగారికి ఇది మింగుడు పడకపోవడానికి కారణం నాకు అర్థమైంది. మన దేశంలో చిన్నపాటి దెబ్బలాట కేసుల్లో ఇరుపక్షాలు రాజీ పడితే, ఆ రాజీకి నిర్దోషిగా విడుదలైనంత విలువను క్రిమినల్ ప్రొసీజరే ఇస్తుంది. వెనుకటి స్మృతిలో అది 320వ సెక్షన్, ఇప్పటి నాగరిక సురక్షా సంహితలో 359వది. అందుకని పెద్దమనుషుల ముందు చేయి కలిపితే కేసు చచ్చినట్టేనని మనవాళ్లు అనుకుంటారు. అమెరికాలో ఫిర్యాదుదారు రాజీకి ఫెడరల్ కోర్టు కట్టుబడదు. రాజీ మాట అలా ఉంచండి, రాష్ట్ర కోర్టులో జ్యూరీ నిర్దోషి అని తీర్పు చెప్పినా ఫెడరల్ జడ్జి అదే సంఘటన మీద రద్దు ఉత్తర్వు ఇవ్వగలరు. సంశయాతీతంగా రుజువు కాలేదంటే, సగానికి పైన కూడా రుజువు కాలేదని అర్థం రాదు కదా.

కాబట్టి “కేసు కొట్టేశారు” అన్న వాదన మీద మీ శ్రమ, మీ డిఫెండర్ (తమ్ముడి తరఫు వకీలు) సమయం ఎక్కువ పెట్టకండి. ఏ వాదన మీద పెట్టాలో తెలియాలంటే మూడు ఆరోపణలనూ విడివిడిగా చూడాలి. హ్యూస్టన్ టెక్సస్ దక్షిణ ఫెడరల్ జిల్లాలో ఉంది, ఫ్రిస్కో తూర్పు జిల్లాలో ఉంది. నాలుగు గంటల కారు ప్రయాణమే, ఒకటే రాష్ట్రమే అయినా, అనుమతి లేకుండా జిల్లా దాటకూడదన్న మామూలు షరతు దానితో మీరినట్టే. అరెస్టయిన 72 గంటల్లో ఆఫీసర్‌కు తెలపాలన్న షరతు సంగతీ అంతే, ఐదో రోజున చెప్పానని అతని మెసేజీ ఉంటే అదే సాక్ష్యం. ఈ రెండింటినీ కాగితాలే రుజువు చేస్తాయి. పైగా మూడింటిలో ఏ ఒక్కటి రుజువైనా రద్దు చేసే అధికారం జడ్జికి వచ్చేస్తుంది.

అలాగైతే మిగిలిన ఆరోపణ, కొట్టాడన్నదాని మీద పోరాటం దేనికంటారా? ఫెడరల్ శిక్షల మార్గదర్శకాలు ఉల్లంఘనలను ఎ, బి, సి అని మూడు గ్రేడులు చేశాయి. జిల్లా దాటడం, ఆలస్యంగా చెప్పడం సి గ్రేడ్. పూర్వ నేరచరిత్ర బాగా తక్కువగా ఉన్నవారికి సి గ్రేడ్‌కు సూచించే జైలు 3 నుంచి 9 నెలలు, జైలు లేకుండా షరతులు మార్చి, లేదా గడువు పొడిగించి వదిలేయడానికి కూడా అక్కడ చోటు ఉంది. చేత్తో కొట్టి దెబ్బ తగిలించాడంటే టెక్సస్ చట్టంలో సాధారణంగా అది ఏడాది లోపు జైలు ఉన్న చిన్న నేరం, అదీ సి గ్రేడే. సీసాను ఆయుధంగా వాడాడని తేలితే మాత్రం అది పెద్ద నేరమై ఎ గ్రేడ్‌లోకి పోయే ప్రమాదం ఉంది, దానికి సూచించేది 12 నుంచి 18 నెలలు. అంటే మీ తమ్ముడి కేసులో అసలు పోరు గొడవ జరిగిందా లేదా అన్నదాని మీద కాదు, అతని చేతిలో సీసా ఉందా లేదా అన్నదాని మీద. ఉల్లంఘనలు మోపిన పిటిషన్‌లో ఆ పేరాలో ఏం రాశారో, ఏ నేరం పేరు పెట్టారో డిఫెండర్‌ను అడిగి అక్షరం అక్షరం చదవండి.

సీసా ఉందని చెప్పేది ఆ అబ్బాయి ఒక్కడే అయితే, అతను కోర్టుకు రాకపోతే, ఇక్కడ మీకు నిజమైన ఆసరా ఒకటి దొరుకుతుంది. ఫెడరల్ సాక్ష్య నియమావళి ఈ విచారణలకు వర్తించదు. అంటే ఎవరో చెప్పగా విన్న మాటను కూడా జడ్జి పరిగణనలోకి తీసుకోవచ్చు, పోలీసు అధికారి వచ్చి “బాధితుడు నాతో ఇలా అన్నాడు” అని చెప్పినంత మాత్రాన దాన్ని తోసిపుచ్చరు. కానీ ఫెడరల్ క్రిమినల్ ప్రొసీజర్ 32.1వ నియమం, మోరిసీ తీర్పు నుంచి వచ్చిన సూత్రాన్నే రాతలో పెట్టి, తనకు వ్యతిరేకంగా చెప్పే సాక్షిని ప్రశ్నించే అవకాశం ఆరోపితుడికి ఇవ్వాలని, న్యాయం దృష్ట్యా ఆ సాక్షి రానవసరం లేదని జడ్జి నిర్ణయిస్తే తప్ప దాన్ని కాదనకూడదని చెబుతోంది. అందుకే జడ్జి రెండింటిని బేరీజు వేయాలి: ఒకవైపు సాక్షిని నిలదీయడంలో మీ తమ్ముడికి ఉన్న ప్రయోజనం, మరోవైపు సాక్షిని తేలేకపోవడానికి ప్రభుత్వం చెప్పే కారణం, ఆ మాటలకు ఉన్న విశ్వసనీయత. కేవలం అతను రానంటున్నాడన్నది బలమైన కారణం కాదు, బెదిరింపుల వల్ల రాలేదంటే అది బలమైన కారణమే.

మీ డిఫెండర్ ఈ అభ్యంతరాన్ని విచారణలో, ఆ మాట సాక్ష్యంలోకి వస్తున్న క్షణంలోనే స్పష్టంగా లేవనెత్తాలి. అప్పుడు ఊరకుండి అప్పీలులో లేవదీస్తే పై కోర్టు దాన్ని చాలా కఠినమైన జల్లెడ పట్టి గానీ చూడదు. పోలీసుల శరీరానికి తగిలించిన కెమెరాలో ఆ అబ్బాయి అప్పటికప్పుడు అన్న మాటలు ఉన్నాయా, ఆసుపత్రి చీటీలో గాయం కోసుకున్నట్టు రాశారా లేక కమిలినట్టు రాశారా, అక్కడ పగిలిన గాజు దొరికిందా, ఆ ఆవరణలో కెమెరా ఏమైనా ఉందా అన్నవి ఇప్పుడు వెతకవలసిన సంగతులు. గాయం ఏ తీరుదో చెప్పే ఒక్క ఆసుపత్రి చీటీ పది మంది బంధువుల మాట కంటే ఎక్కువ తూగుతుంది. విచారణలో పోలీసు అధికారి సాక్ష్యం చెప్పాక, ఆ విషయం మీద ఆయన ముందు రాసిన రిపోర్టులు అడిగి తీసుకునే హక్కు కూడా ఈ నియమంలోనే ఉంది. ఆ రిపోర్టుల్లో సీసా ప్రస్తావన ఎప్పుడు మొదలైందో చూడమనండి.

ఇక వాట్సాప్ క్షమాపణ. మన పద్ధతిలో అది మర్యాద, కోర్టులో అది అతని సొంత వాంగ్మూలం. “తప్పయింది, అలా చేయకుండా ఉండవలసింది” అన్న వాక్యం ప్రభుత్వానికి కావలసిన యాభై ఒక్క పైసల్లో నలభై పైసలు తెచ్చిపెట్టగలదు. దాన్ని చెరపమని ఎవరికీ చెప్పకండి, చెరిపితే కొత్త నేరం అవుతుంది. ఆ సంభాషణ మొత్తం, ముందు వెనుక మెసేజీలతో సహా, డిఫెండర్ చేతిలో పెట్టండి. క్షమాపణ దేనికి చెప్పాడన్నది ఆ సందర్భంలోనే తేలుతుంది, సీసా మాట అందులో లేకపోతే అదే మీకు పనికొస్తుంది.

అంతకంటే గట్టిగా చెప్పవలసింది ఒకటుంది. రాజీ చేసిన పెద్దల ద్వారా గానీ, మీరు స్వయంగా గానీ, ఆ అబ్బాయిని లేదా అతని తల్లిదండ్రులను ఇప్పుడు కలవవద్దు, ఫోను చేయవద్దు, “మళ్లీ రావద్దని చెప్పండి బాబూ” అనవద్దు. మీ మనసులో దురుద్దేశం లేకపోయినా, సాక్షిని ప్రభావితం చేశారన్న మాట పడితే అది విడిగా ఒక పెద్ద ఫెడరల్ నేరం. పైగా అతను రాకపోవడానికి మీ ఒత్తిడే కారణమని ప్రభుత్వం చూపితే, ఇంతసేపూ నేను చెప్పిన అభ్యంతరం కూడా చేజారుతుంది. అతనితో మాట్లాడవలసి వస్తే డిఫెండర్ తరఫు పరిశోధకుడు మాట్లాడతాడు. జైలు నుంచి వచ్చే ఫోన్లలోను కేసు ఊసెత్తకండి. అవి రికార్డు అవుతాయి, తెలుగులో మాట్లాడుకున్నంత మాత్రాన రహస్యం కాదు, తెలుగు అనువాదకులు దొరక్కపోరు.

రుజువు భారం ప్రభుత్వానిదే అన్నాను గానీ, ఒకచోట అది తలకిందులవుతుంది, అదే మీకు అన్నిటికంటే ముందు ఎదురవుతుంది. విచారణ ముగిసేదాకా బయట ఉండనివ్వమని అడిగేటప్పుడు, తాను పారిపోడని, ఎవరికీ ప్రమాదం కాడని చూపవలసిన భారం 32.1వ నియమం ప్రకారం మీ తమ్ముడిదే. అదీ సగానికి కాస్త పైన తూగే రుజువుతో కాదు, స్పష్టమైన, నమ్మదగిన రుజువుతో. మామూలు కేసుల్లో బెయిలు మీద వదలడం వైపే మొగ్గు ఉంటుంది, ఇక్కడ అది తలకిందులు. కుటుంబంగా మీరు చేయగల పని ఈ దశలోనే ఎక్కువ: అతను ఎక్కడ ఉంటాడో చెప్పే చిరునామా, ఆ ఇంటి యజమాని సమ్మతి, ఉద్యోగం ఇంకా ఉందని యజమాని ఇచ్చే కాగితం, పాస్‌పోర్టు అప్పగించే సిద్ధత, ఏడాదిన్నరగా వేళకు హాజరైన రికార్డు, నష్టపరిహారం చెల్లింపులు ఉంటే ఆ రసీదులు. కస్టడీలో ఉన్నాడు గనుక, ఆరోపణకు తగిన ఆధారం ఉందో లేదో చూసే ప్రిలిమినరీ హియరింగ్ అతని హక్కు. అక్కడ కావలసిన ఆధారం మరీ తక్కువే, గెలుస్తారని నేను ఆశ పెట్టను. కానీ ప్రభుత్వ సాక్షి ఏం చెబుతాడో ముందే వినే అవకాశం కనుక, ఆలోచించకుండా దాన్ని వదులుకోవద్దని డిఫెండర్‌తో ప్రస్తావించండి.

ఒప్పుకోవాలా, పోరాడాలా అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, నిర్ణయం మాత్రం ఫైలు చూసిన డిఫెండర్‌ది, మీ తమ్ముడిది. కాగితాలు రుజువు చేసే రెండింటినీ కాదని వాదించడం వల్ల జడ్జి దృష్టిలో విశ్వాసం పోవడం తప్ప లాభం లేదు. వాటిని ఒప్పుకొని, సీసా ఆరోపణను మాత్రం రుజువు చేయమని ప్రభుత్వాన్ని నిలబెట్టడం ఆలోచించదగిన దారి. ఆ ఆరోపణను ప్రభుత్వమే చేత్తో కొట్టడం దాకా తగ్గించుకుంటే, ఒప్పందానికి కూడా చోటు దొరుకుతుంది. మీ తమ్ముడు స్వయంగా సాక్ష్యం చెప్పడం మాత్రం జాగ్రత్తగా తేల్చుకోవలసిన విషయం. రాష్ట్ర కేసు కొట్టేశారంటే మళ్లీ వేయలేరని అర్థం కాదు, ఇక్కడ ప్రమాణం చేసి చెప్పిన ప్రతి మాటా అక్కడ అతని మీద వాడవచ్చు.

ఉల్లంఘన తేలినంత మాత్రాన జైలు ఖాయం కాదు. మాదకద్రవ్యాలు, తుపాకీ కలిగి ఉండటం వంటి కొన్ని సందర్భాల్లో రద్దు తప్పనిసరి, మీరు రాసినదాన్ని బట్టి ఇక్కడ అవేమీ లేవు. రద్దు చేయాలా, చేస్తే ఎంతకాలం జైలు అన్నది రెండో మెట్టు. మామూలు వైర్ ఫ్రాడ్‌కు గరిష్ఠ శిక్ష 20 ఏళ్లు కనుక అది సి తరగతి నేరం (పైన చెప్పిన ఉల్లంఘన గ్రేడులు వేరు, ఈ తరగతి వేరు), ఆ తరగతికి రద్దు మీద విధించగల జైలు 2 సంవత్సరాలు మించదు. పర్యవేక్షణలో సవ్యంగా గడిపిన ఏడాదిన్నరను అందులోంచి తగ్గించరు. జైలు తరువాత మళ్లీ కొంత పర్యవేక్షణ కూడా వేయవచ్చు. ఈ మెట్టు మీద 2025 జూన్‌లో ఎస్టెరాస్ కేసులో వచ్చిన సుప్రీం కోర్టు తీర్పు మీకు పనికొస్తుంది: రద్దు నిర్ణయంలో పాత నేరానికి ప్రతీకారంగా శిక్షించాలన్న ఆలోచన జడ్జి చేయరాదని 7-2 తో ఆ తీర్పు చెప్పింది. అతన్ని సరిదారిన పెట్టడానికి, ఇతరుల భద్రతకు ఏది అవసరమో అదే చూడాలి. ఉత్తర్వు నచ్చకపోతే అప్పీలు నోటీసుకు గడువు 14 రోజులే, అది దాటనివ్వకండి.

మీ నాన్నగారి ఉత్తరం ఈ రెండో మెట్టుకు చెందినది. రాయమనండి, కానీ జడ్జి చిరునామాకు నేరుగా పోస్టు చేయవద్దు, డిఫెండర్‌కు పంపితే ఆయన చూసి దాఖలు చేస్తారు. చక్కగా తెలుగులోనే రాయమనండి, పక్కన ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి ధ్రువీకరణ జతపరిస్తే సరిపోతుంది. “నా కొడుకు అలాంటివాడు కాదు” అని గాని, “వాళ్లతో రాజీ అయిపోయింది” అని గాని రాయవద్దని చెప్పండి. మొదటి మాట ఆయన చూడని రాత్రి గురించి, రెండోది ఆ రాత్రి గొడవ జరిగిందని ఒప్పుకోవడం. ఆయనకు స్వయంగా తెలిసిన సంగతులు రాయాలి: కొడుకు జైలు నుంచి వచ్చాక వారానికి ఎన్నిసార్లు ఫోను చేస్తాడు, తల్లి మందులకు నెలనెలా ఏమైనా పంపుతున్నాడా, ఇక మీదట ఊరు దాటే ముందు ఆఫీసర్‌ను అడిగాడో లేదో చూసుకునే బాధ్యత హ్యూస్టన్‌లో ఉన్న కూతురు తీసుకుంటుందా. ఆ చివరి మాట ఆయన రాసే ముందు మీ సమ్మతి అడగాలి, ఎందుకంటే జడ్జి మిమ్మల్ని లేవమని ఆ సంగతే అడగవచ్చు.